తాత పడవ, బకింగ్‌హాం కాలువ

మా అమ్మ హూడిలో ఒక అపార్టుమెంటులో వంట పని చేస్తుంది. ఆ ఇంట్లో నా ఈడు అమ్మాయి ఉంది. కిందటి డిసెంబరులో వాళ్లు మురుడేశ్వర్ వెళ్లి, తమ కుటుంబం కోసమే ఒక పడవ మాట్లాడుకుని నేత్రాణి దీవి దాకా పోయి వచ్చారు. ఆ ఫొటోలు నాకు ఫోనులో చూపించింది. కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ అడుగున చేపలను చూస్తారు. దాన్ని స్నార్కెలింగ్ అంటారట. గాలం వేసి చేపలు పట్టారు, సాయంత్రం ఒడ్డున నిప్పుల మీద కాల్చుకుని తిన్నారు. అంతా చూశాక నాకు ఏమనిపించిందో ఏమో, "మాకూ సొంత పడవ ఉంది" అనేశాను. "నిజంగానా? ఫొటో చూపించు" అంది. నా దగ్గర ఫొటో లేదు.

నేను అబద్ధం చెప్పలేదు. మాది తిరుపతి జిల్లా తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. మా వాళ్లు ఆ సరస్సును ప్రళయకావేరి అంటారు. పడవ మా తాతది. ఇప్పుడు పెదనాన్న నడుపుతున్నాడు. నాన్న ఇరవై ఏళ్ల క్రితమే బేల్దారి పనికి బెంగళూరు వచ్చేశాడు. నేను పుట్టింది, పెరిగింది హూడిలోనే. అవ్వ పోయాక తాత కూడా మా దగ్గరికే వచ్చాడు. వచ్చిన మొదటి వారం నేను తాతను హూడి చెరువు చూపించడానికి తీసుకెళ్లాను. తాత చాలాసేపు చూసి, "ఇంత నీళ్లుండాయి, ఒక్క పడవ కూడా లేదేందమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

జనవరిలో పెదనాన్న ఫోన్ చేసి పడవ అమ్మేస్తున్నానని చెప్పాడు. సరస్సు నుంచి సముద్రంలోకి పోయే మొగలు ఇసుకతో పూడిపోతున్నాయి. సముద్రం నీళ్లు సరిగా రాకపోతే రొయ్య రాదు, చేప రాదు. మా అన్న (పెదనాన్న కొడుకు) శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, వల పట్టేవాళ్లు లేరు. తాత ఆ రోజు అన్నం సగంలో లేచాడు. నాన్న కాసేపు ఊరుకుని, "అమ్మేముందు ఒక్క రోజు అందరం కలిసి ఎక్కుదాం" అన్నాడు. సరిగ్గా ఆ వారమే మా సోషల్ మాస్టారు, "మీ ఇంట్లో ఒక పాత వస్తువు తీసుకుని దాని చరిత్ర రాయండి" అని పని ఇచ్చారు. అందరూ బిందెలు, గడియారాలు, తిరగళ్లు రాశారు. నేను పడవ రాస్తానన్నాను.

సంక్రాంతికి కె.ఆర్.పురంలో రైలెక్కి చెన్నై వెళ్లాం. అక్కడి నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగాం. మరుసటి రోజు తెల్లవారుజామున భీమునివారిపాలెం రేవు నుంచి బయలుదేరాం. పడవలో తాత, పెదనాన్న, పెద్దమ్మ, అమ్మ, నాన్న, అన్న, నేను, తమ్ముడు. ఎనిమిది మందిమి. ఫొటోల్లో చూసిన పడవలాగా దానికి నీడ లేదు, మెత్తటి సీట్లు లేవు. తారు పూసిన పాత చెక్క పడవ, వెనక చిన్న ఇంజను. కొంత దూరం పోయాక తాత ఇంజను ఆపించాడు. గెడ తీసుకుని నిలబడ్డాడు. పులికాట్ చాలా లోతు తక్కువ సరస్సు, ఎక్కువ చోట్ల నడుములోతు నీళ్లే. అందుకే గెడ అడుగుకు ఆనించి నెట్టుకుంటూ పోవచ్చు. హూడిలో మూడు మెట్లెక్కితే ఆయాసపడే తాత, పడవ మీద అస్సలు తూలలేదు.

తూర్పు వైపు చెయ్యి చూపించి, "అదిగో, ఆ పక్కనే మన కాలవ" అన్నాడు. అదే బకింగ్‌హాం కాలువ. తాతకు పద్నాలుగేళ్లప్పటి నుంచి వాళ్ల నాన్నతో కలిసి ఆ కాలువలో సరుకు పడవ నడిపాడు. ఈ సంగతి నాకు పదిహేనేళ్లు వచ్చేదాకా తెలియదు. నేను అడగలేదు, తాత చెప్పలేదు.

ఆ కాలువ చరిత్ర నేను తర్వాత మాస్టారి సాయంతో చదివి తెలుసుకున్నాను. 1806లో బాసిల్ కోక్రేన్ అనే స్కాట్లాండు దేశస్థుడు మద్రాసు నుంచి ఉత్తరాన ఎన్నూరు వైపు ఉప్పునీటి కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. మొదట దాన్ని కోక్రేన్ కాలువ అనేవారు. తర్వాత అది పులికాట్ దాకా, ఇంకా పైకి పెరుగుతూ పోయింది. చివరికి ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా, సముద్రం ఒడ్డు పక్కనే సుమారు 420 కిలోమీటర్ల పొడవైంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది కాబట్టి కృష్ణ, గోదావరి కాలువల మీదుగా కాకినాడ నుంచి మద్రాసుకు ఒకప్పుడు పడవలో రాగలిగేవారు. సముద్రంలో పెద్ద అలలు, తుఫానులు ఉంటాయి. కాలువలో అవేమీ లేవు. నిదానంగా పోయినా సరుకు మునగదు.

ఆ సరుకు ఏమిటని తాతను అడిగాను. ఉప్పు, వరి, సున్నపు గుల్ల, అన్నిటికన్నా ఎక్కువగా కట్టెలు అన్నాడు. శ్రీహరికోట అడవి నుంచి కొట్టిన కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి ఈ దారిలోనే పోయేవి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే గెడ వేసేవాళ్లు. ఎదురుగాలి వస్తే ఒకరు చుక్కాని పట్టుకుంటే, మిగతావాళ్లు గట్టు మీద దిగి భుజానికి తాడు వేసుకుని పడవను లాగేవాళ్లు. తాత చొక్కా ఎత్తి చూపించాడు. ఎడమ భుజం మీద తాడు ఒరుసుకున్న నల్లటి మచ్చ ఇంకా ఉంది. నేను ఎన్నోసార్లు చూశాను కానీ పుట్టుమచ్చ అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఇరకం దీవి వైపు ఒక ఇసుక ఒడ్డున ఆగాం. అన్న విసురువల విసిరాడు. నేనూ విసిరాను, వల విచ్చుకోకుండా ముద్దలాగా పడింది. అందరూ నవ్వారు. దొరికినవి కొన్ని రొయ్యలు, నాలుగు పీతలు, ఒక పండుగప్ప. పెదనాన్న, "ఒకప్పుడు ఒక్క వలకే బుట్ట నిండేది" అన్నాడు. పెద్దమ్మ ఉప్పు, కారం, పసుపు, చింతపండు గుజ్జు చేపకు పట్టించింది. సరుగుడు పుల్లలు కాల్చి, మంట తగ్గాక నిప్పుల మీద పెట్టింది. పీతలను నిప్పుల్లోనే వేసింది. ఆ వాసనకు తమ్ముడు నిలబడి ఉండలేకపోయాడు.

తినేటప్పుడు తాత ఒక మాట చెప్పాడు. "ఈ కాలవ మట్టి మనోళ్లు మోసిందే. మా తాతకి వాళ్లమ్మ చెప్పిందంట, కరువులో గంజి కోసం తట్ట మోశామని." మా ఇంట్లో దీనికి కాగితం ఏమీ లేదు, నోటి మాటే. కానీ పుస్తకాల్లో ఉన్న కాలంతో ఆ మాట సరిపోయింది. 1876లో, అంటే ధాత నామ సంవత్సరంలో, మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద కరువు మొదలై 1878 దాకా ఉంది. అప్పుడు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్. కరువు పనుల కింద కాలువ తవ్వించారు. మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్క 1877–78లో ఇలా తవ్విందే. ఆ తర్వాత మొత్తం కాలువకు ఆ గవర్నరు పేరు పెట్టారు.

ఆ పనికి కూలి ఎంతో తెలుసుకున్నాక నాకు చాలా బాధ కలిగింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి మోసే మనిషికి అది సరిపోదని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వ్యతిరేకించాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. ఈలోపల ఎంతో మంది పోయారు. అదే కరువు మన మైసూరు రాజ్యంలోనూ వచ్చింది. అక్కడ కూడా లక్షల మంది చనిపోయారు. అంటే నేను ఇప్పుడు ఉంటున్న హూడి వైపు జనం, మా తాత ఊరి వైపు జనం ఒకే కాలంలో ఒకే ఆకలి పడ్డారు.

మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. మన తీరంలో పడవలు తెల్లవాళ్లతో మొదలు కాలేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. కాలువ మొదలయ్యే పెదగంజాం దగ్గరే మోటుపల్లి రేవు ఉంది. అక్కడ 1244–45లో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు అందులోని సరుకంతా తీసేసుకునేవారట. గణపతిదేవుడు అలా తీసుకోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని శాసనంలో చెప్పించాడు. ప్రాణాలకు తెగించి సంపాదించిన ధనం కదా అని జాలిపడ్డాడు. రాతి మీద రాజు పేరు ఉంది, కాలువకు గవర్నరు పేరు ఉంది. తట్ట మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. గణపతిదేవుడి మీద నాకు గౌరవం కలిగింది, అయినా ఈ ఆలోచన పోలేదు.

భోజనాల తర్వాత అన్న తన ఈత అద్దాలు నాకిచ్చి, "నీ స్నార్కెలింగ్ చేసుకో" అన్నాడు. గొట్టం లేదు కాబట్టి ఊపిరి బిగపట్టి ముఖం ముంచాను. ఏమీ కనపడలేదు. అంతా పచ్చటి మసక. ఆరణి, కాళంగి నదులు సరస్సులోకి మట్టి తెస్తాయి, లోతు తక్కువ కాబట్టి గాలికే అడుగు బురద లేస్తుంది. అద్దంలాంటి నీళ్లు ఇక్కడ ఉండవు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాత ఒడ్డు నుంచి, "కదలకుండా ఉండు తల్లీ, బురద దిగనియ్యి" అని అరిచాడు. అలాగే ఉన్నాను. మూడోసారి ముంచినప్పుడు నా కాళ్ల దగ్గర నాచు, దాని మధ్య గోరంత చేపపిల్లలు, ఒక చిన్న పీత కనిపించాయి. పీత నా బొటనవేలిని చూసి వెనక్కి వెనక్కి పోయింది. నేత్రాణిలోలాగా రంగు చేపలు కావు. కానీ మా సరస్సువి.

సాయంత్రం తిరిగి వస్తుంటే ఆకాశంలో రాజహంసలు గుంపుగా పోతున్నాయి. కాలువలో పడవలు ఎప్పుడు ఆగాయని అడిగాను. రైలు, లారీలు వచ్చాక సరుకు తగ్గిందన్నాడు తాత. 1965–66లో, మళ్లీ 1976లో వచ్చిన తుఫానులకు కాలువ బాగా దెబ్బతింది. లాకులు పాడయ్యాయి, పూడిక తీసేవాళ్లు లేరు. తాత కాలువ వదిలి సరస్సులో చేపల వేటకు దిగాడు. కట్టెలు కొట్టిన శ్రీహరికోట నుంచి 1971లో మొదటి రాకెట్ లేచింది. ఆ కేంద్రానికి ఇప్పుడు మన బెంగళూరు ఐఐఎస్‌సి డైరెక్టరుగా చేసిన సతీష్ ధావన్ గారి పేరు ఉంది. 2004 సునామీ వచ్చినప్పుడు, పాడుపడిన ఆ కాలువే చాలా చోట్ల అలల నీళ్లను తనలో పట్టుకుని వెనక ఉన్న ఊళ్లను కొంత కాపాడింది. 2008లో దాన్ని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. మళ్లీ పడవలు తిరుగుతాయా అంటే తాత, "తిరిగితే మంచిదే" అన్నాడు అంతే.

మూడు వారాల తర్వాత పడవ అమ్మేశారు. కొన్నతను గెడ వద్దన్నాడు, ఇంజను ఉంది కదా అని. దాన్ని పెదనాన్న ఇంటి చూరు కింద పెట్టాడు. తాత హూడికి తెచ్చుకుంది వల అల్లే కండె ఒక్కటే. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని నాన్న తెచ్చిన నైలాను దారంతో తమ్ముడికి వల అల్లడం నేర్పుతున్నాడు. ఆ వల ఎక్కడ వేస్తారని అమ్మ అడిగితే ఇద్దరూ నవ్వుతారు.

అపార్టుమెంటు అమ్మాయికి నేను ఫొటో చూపించాను. తాత గెడ పట్టుకుని నిలబడ్డ ఫొటో. "ఇది మీ పడవా?" అంది. "ఉండేది. ఇది మా తాత, కాలువలో పడవ లాగేవాడు" అన్నాను. అంతకు ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేదాన్నేమో. తను ఆ కాలువ ఎక్కడుందని అడిగింది. ఇద్దరం మ్యాపు తెరిచి పెదగంజాం నుంచి మరక్కాణం దాకా వేలితో గీత గీసుకుంటూ పోయాం. మధ్యలో తడ దగ్గర ఆగి, మేం చేప కాల్చుకున్న చోటు చూపించాను.

పరీక్షల్లో ఈ కాలువ గురించి ఒక మార్కు ప్రశ్న కూడా రాకపోవచ్చు. మీ ఇంట్లో తాతలు, అవ్వలు ఉంటే వాళ్ల చేతుల మీద, భుజాల మీద ఉన్న మచ్చలు ఎలా వచ్చాయో ఒకసారి అడగండి. నేను ఆలస్యంగా అడిగాను. అయినా పడవ అమ్మకముందే అడిగాను.