చిమ్నీలో ఆమ్లాన్ని కొలిచిన చట్టం

కర్మాగారం గాలిని పాడు చేయరాదని చట్టం చేయవచ్చు. పాడు చేస్తున్నదో లేదో కొలిచేదెలా? 19వ శతాబ్దపు బ్రిటన్ ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నదో చూద్దాం.

సబ్బుకు, గాజుకు సోడా కావాలి. 1791లో ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ పేటెంట్ పొందిన పద్ధతిలో ఉప్పును గంధకికామ్లంతో వేడి చేస్తారు. అప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. మీరే లెక్క వేయండి: 100 కిలోల ఉప్పు పూర్తిగా చర్య జరిపితే సుమారు 62 కిలోల వాయువు! సెయింట్ హెలెన్స్, విడ్నెస్ పట్టణాల చుట్టూ అది చెట్లను, పైర్లను మాడ్చివేసేది.

1836లో విలియం గాసేజ్ ఒక గోపురం కనిపెట్టాడు. పైనుంచి నీరు జారుతుంది, కిందినుంచి వాయువు ఎక్కుతుంది, నీరు దానిని పీల్చుకుంటుంది. నేటి స్క్రబ్బర్ సూత్రం ఇదే. మరి పొగలు ఎందుకు ఆగలేదు? చిక్కంతా నీటి దగ్గరే ఉంది. అమ్ముడుపోయే ఆమ్లం గాఢంగా ఉండాలి, అందుకు నీరు తక్కువ పోయాలి. కాని నీటిలో ఆమ్లం పెరిగేకొద్దీ అది వాయువును పీల్చుకునే శక్తి తగ్గుతుంది. నీరు ఎక్కువ పోస్తే చిమ్నీ శుభ్రపడుతుంది గాని, ఆ పలుచని ఆమ్లాన్ని కొనేవారు లేరు. దానిని వాగులోకి వదిలేవారు. అక్కడ సోడా కర్మాగారపు గంధక వ్యర్థాలతో కలిసి కుళ్ళిన గుడ్ల వాసన పుట్టించేది. ద్రవం ఎంత గాఢమైందో ట్వాడెల్ హైడ్రోమీటర్ ముంచితే తెలిసేది. వాయువును కొలవడం అంత తేలిక కాదు.

భూస్వాముల ఫిర్యాదులపై 1862లో లార్డ్ డెర్బీ సంఘం విచారణ జరిపింది. 1863 ఆల్కలీ చట్టం 95 శాతం వాయువును పట్టి ఉంచాలన్నది. తొలి ఇన్‌స్పెక్టర్ రాబర్ట్ ఆంగస్ స్మిత్ రసాయన శాస్త్రవేత్త. 'ఆమ్ల వర్షం' అన్న మాటను 1872లో తన గ్రంథంలో వాడినది ఈయనే. చిమ్నీ నుంచి కొలత ప్రకారం వాయువును లాగి నీటిలో బుడగలుగా పంపి, ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లని అవక్షేపం వస్తుంది. దానినిబట్టి ఆమ్లం ఎంతో లెక్కకట్టవచ్చు.

అయితే శాతం తేల్చాలంటే ఈ ఒక్క కొలత చాలదు. కొలిమిలో ఎంత ఉప్పు వేశారో, చిమ్నీలో ఎంత గాలి పారిందో కూడా తెలియాలి. పైగా కర్మాగారాలు పెరిగేకొద్దీ ఆ మిగిలిన 5 శాతమే పెద్ద మొత్తం అవుతుంది. అందువల్ల 1874 సవరణ చట్టం గాఢతనే పరిమితిగా చేర్చింది: ఘనపుటడుగుకు 0.2 గ్రెయిన్లు, అంటే ఘనపు మీటరుకు సుమారు 0.46 గ్రాము. నా దృష్టిలో అసలు మలుపు 1863 కాదు, ఇదే. ఇన్‌స్పెక్టర్ చేతిలోని సీసాయే ఇప్పుడు సాక్ష్యం.

దీనికీ ఒక లొసుగు ఉంది. చిమ్నీలోకి బయటి గాలిని కలిపితే గాఢత తగ్గినట్లు కనిపిస్తుంది, ఆమ్లం మాత్రం అంతే పోతుంది. మన దేశంలో వ్యర్థ దహన కొలిమిల పరిమితులను ఘనపు మీటరుకు మిల్లీగ్రాములలో రాసి, ఆ లెక్కను 11 శాతం ఆక్సిజన్‌కు సరిదిద్దమనడం ఇందుకే.