గల్లాకూ పొయ్యికీ నడుమ: అమీర్‌పేట, పంజాగుట్ట చిన్న హోటళ్ళలో సహోద్యోగ సంబంధాలు

వ్యాససంగ్రహం

హైదరాబాదు సాంఘిక చరిత్రలో ఇరానీ హోటలు ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అయితే అది చాలావరకు చాయ్ తాగేవారి వైపు నుంచి సాగిన ప్రస్తావన. చాయ్ కాచేవారు, అందించేవారు, బల్లలు తుడిచేవారు తమలో తాము ఏర్పరచుకొన్న సంబంధాలపై దృష్టి తక్కువ. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల చిన్న హోటళ్ళను ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం ఆ సంబంధాలను పరిశీలిస్తుంది. పనివారి మధ్య వరుసల పిలుపులే నియామకానికీ, శిక్షణకూ, ఆపదలో ఆసరాకూ ఆధారమయ్యాయనీ, ఆ పిలుపులే వారి హక్కులను మరుగుపరిచాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఇరానీ హోటలు, అమీర్‌పేట, పంజాగుట్ట, టీ మాస్టర్, వరుసల పిలుపులు, వలస, కార్మిక చట్టాలు.

1. ప్రవేశిక

తెలుగువారి భోజనశాలల చరిత్రకు సాహిత్యం ఒక ముఖ్యమైన ఆకరం. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో ఇటువంటి కావ్యసాక్ష్యాల ఆధారంగానే పూర్వుల తిండితీరులను వివరించారు. గురజాడ 'కన్యాశుల్కం'లోని పూటకూళ్ళమ్మ తెలుగు పాఠకులు మరువలేని పాత్ర. ఈ రచనలలో అన్నం పెట్టే ఇల్లు ఉంది, తినేవాడు ఉన్నాడు, ఇల్లు నడిపే మనిషి ఉంది. కూలికి వడ్డించేవాడూ, అంట్లు తోమేవాడూ మాత్రం ప్రధానంగా కనిపించరు.

హోటలు వచ్చాక ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. వేర్వేరు ఊళ్ళకు, కులాలకు, మతాలకు, భాషలకు చెందినవారు ఒకే పొయ్యి చుట్టూ పనిచేయవలసిన పరిస్థితి ఏర్పడింది. వీరు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకోవాలి? జబ్బు చేస్తే ఎవరు ఆదుకోవాలి? ఈ ప్రశ్నలకు చిన్న హోటలు తనదైన సమాధానాలు వెదుక్కొంది. ఆ సమాధానాల చరిత్రే ఈ వ్యాసవిషయం. హైదరాబాదు వాడుకలో 'హోటల్' అంటే బస చేసే చోటు మాత్రమే కాదు, చాయ్ తాగే చోటు కూడా. ఇక్కడ ఆ మాట రెండవ అర్థంలోనే వాడబడింది.

2. ఇరానీ హోటలు వారసత్వం

19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది తొలి దశకాలలో ఇరాన్‌లోని యజ్ద్ తదితర ప్రాంతాల నుంచి వచ్చినవారు బొంబాయి, పుణె, హైదరాబాదు నగరాలలో చాయ్ హోటళ్ళు నెలకొల్పారు. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. అదే ప్రాంతంలోని ఓరియంట్ హోటల్ మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, రాజకీయ కార్యకర్తలు కూర్చునే చోటుగా ప్రసిద్ధి పొందింది. యూర్గెన్ హాబర్‌మాస్ 1962లో ఐరోపా కాఫీ హౌసులను ప్రజాభిప్రాయం రూపుదిద్దుకొన్న వేదికలుగా చూపాడు. రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఇటువంటి చోట్లను ఇల్లూ, పనీ కాని 'మూడవ స్థలం'గా నిర్వచించాడు. ఓరియంట్ హోటల్ జ్ఞాపకాలకు ఈ రెండు భావనలూ చక్కగా సరిపోతాయి. కానీ అవి కుర్చీలో కూర్చున్నవాడి అనుభవాలు. కప్పు తెచ్చిన మనిషికి అదే చోటు పనిస్థలం. రాత్రి బల్లలు జరిపి అక్కడే నిద్రించేవాడికి అది ఇల్లు కూడా.

ఇరానీ చాయ్ తయారీలోనే పని విభజన ఉంది. డికాషన్ మూతపెట్టిన పాత్రలో దమ్ మీద ఉంటుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు అడుగంటకుండా చూడటం, డికాషన్ పాళ్ళు తప్పకుండా పోయడం టీ మాస్టర్ బాధ్యత. కప్పులను వేగంగా చేరవేయడం సర్వర్ పని. ఖాళీ కప్పులు తీసి బల్ల తుడవడం క్లీనర్ పని. గల్లా దగ్గర యజమానో, ఆయన నమ్మిన మనిషో కూర్చుంటాడు. పాత పద్ధతిలో బిల్లు కాగితం లేదు. గిరాకీ లేచి గల్లా వైపు నడుస్తుంటే సర్వర్ వెనుకనుంచి లెక్క కేకవేసి చెప్పేవాడు. ఆ కేక మీద గల్లా నమ్మకం ఉంచాలి, సర్వర్ జ్ఞాపకం తప్పకూడదు. లెక్కంతా ఇద్దరు మనుషుల పరస్పర విశ్వాసం మీద నడిచేది.

3. అమీర్‌పేట, పంజాగుట్ట: రెండు రకాల గిరాకీ

పాతనగరంలోనూ, అబిడ్స్‌లోనూ స్థిరపడిన ఈ పని పద్ధతి నగర విస్తరణతో పాటు పడమటి పేటలకూ చేరింది. వాటిలో అమీర్‌పేట, పంజాగుట్ట ఒకదానికొకటి ఆనుకొని ఉన్నా వాటి గిరాకీ ఒకటి కాదు.

అమీర్‌పేట గుర్తింపును మార్చినవి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు. 1975లో ఏర్పడిన హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ నిర్మించిన మైత్రీవనం, దాని చుట్టుపక్కల భవనాలు 1990ల నుంచి ఈ కేంద్రాలతో నిండిపోయాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్ పేరు తెలుగు జిల్లాల పట్టభద్రులందరికీ పరిచితమైంది. సంజీవరెడ్డి నగర్, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ వీధులలో వసతిగృహాలు పెరిగాయి. తెల్లవారుజామునే మొదలయ్యే తరగతులకు వెళ్ళే విద్యార్థి హోటలుకు తొలి గిరాకీ అయ్యాడు. తరగతి ముగిసే వేళకు ఒక్కసారిగా వచ్చే రద్దీ, మధ్యాహ్నం మందగింపు, సాయంత్రం మళ్ళీ రద్దీ. హోటలు దినచర్య శిక్షణ కేంద్రాల గంటలను అనుసరించింది.

పంజాగుట్టలో ఆసుపత్రి గడియారం నడుస్తుంది. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై నిమ్స్‌గా విస్తరించిన సంస్థకు జిల్లాల నుంచి రోగులు వస్తారు. వారి వెంట వచ్చిన బంధువులు ఫ్లాస్కులతో చాయ్ తీసుకువెళతారు. వారికి పగలూ రాత్రీ తేడా లేదు. పక్కనే ఎర్రమంజిల్‌లోని ప్రభుత్వ ఇంజినీరింగ్ కార్యాలయాల ఉద్యోగులు పదకొండుకూ, నాలుగుకూ వస్తారు. ఒకే కప్పు చాయ్‌ను ఉద్యోగం కోసం ఎదురుచూసే యువకుడికీ, శస్త్రచికిత్స ముగింపు కోసం ఎదురుచూసే తండ్రికీ అందించే సర్వర్ మాట తీరు ఒక్కలాగే ఉండదు. ఒకరిని తొందరపెట్టి బల్ల ఖాళీ చేయించవచ్చు, మరొకరిని చేయించకూడదు. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ఉద్వేగశ్రమ అని పేరుపెట్టిన పని ఇదే. ఈ తేడాను కొత్త సర్వర్‌కు నేర్పేది యజమాని కంటే ముందుగా పక్కనున్న పాత సర్వరే.

4. వరుసలూ మెట్లూ

చిన్న హోటలులో క్లీనర్ నుంచి సర్వర్, సర్వర్ నుంచి టీ మాస్టర్, అరుదుగా గల్లా వరకు ఒక మెట్ల వరుస ఉంది. ఈ మెట్లు ఎక్కడానికి పరీక్ష లేదు, పత్రం లేదు. రద్దీ తగ్గిన వేళ మాస్టర్ పొయ్యి దగ్గరకు రానివ్వడమే ప్రవేశం. పాలు పొంగే ముందు చప్పుడు ఎలా మారుతుందో, పొడి మారినప్పుడు డికాషన్ ఎంతసేపు దమ్ మీద ఉంచాలో చూసి నేర్చుకోవలసిందే. భవనం పై అంతస్తులో రుసుము తీసుకొని నేర్పే చదువు ఒకటి, కింది అంతస్తులో పిలుపు మీద నడిచే చదువు మరొకటి. మొదటిదానికి ధ్రువపత్రం ఉంది. రెండవదానికి మాస్టర్ మాటే ధ్రువపత్రం. మరొక హోటలులో చేరాలంటే ఎవరి దగ్గర పనిచేశావన్నదే తొలి ప్రశ్న.

ఈ మెట్లు నిజంగానే పైకి తీసుకువెళ్ళిన సందర్భాలున్నాయి. రెడ్‌హిల్స్‌లోని కేఫ్ నీలోఫర్‌లో పనివాడిగా చేరిన ఎ. బాబురావు కాలక్రమంలో దాని యజమాని అయిన వృత్తాంతం నగరంలో సుప్రసిద్ధం. అది ప్రసిద్ధం కావడంలోనే దాని అరుదుతనం తెలుస్తుంది. పనివాడికీ యజమానికీ నడుమ ఉన్న చివరి మెట్టు నైపుణ్యంతో మాత్రమే దాటగలిగింది కాదు. దానికి పెట్టుబడీ, స్థలమూ కావాలి.

పిలుపులు ఈ మెట్లను సూచిస్తాయి. యజమాని 'సేఠ్'. పొయ్యి దగ్గర ఉన్నవాడు 'మాస్టర్', పాత హోటళ్ళలో 'ఉస్తాద్'. ముందు చేరినవాడు 'అన్న' లేదా 'భాయ్'. అందరికంటే చిన్నవాడు 'చోటూ'. తెలుగు, దక్ఖనీ ఉర్దూ కలిసిన ఈ పిలుపులలో మతభేదం పెద్దగా అడ్డురాదు. ఉర్దూ మాట్లాడే మాస్టర్‌ను తెలుగు కుర్రవాడు 'భాయ్' అంటాడు, ఆయన అతణ్ణి 'తమ్మీ' అంటాడు. డ్యూటీ మార్చుకోవడం, పండుగకు ఊరెళ్ళేవాడి పని మరొకడు చేయడం, జీతం అందేలోగా చేబదులు ఇవ్వడం ఈ వరుసల మీదే జరుగుతాయి. రంజాను నెలలో ఉపవాసమున్నవారికి ఇతరులు, సంక్రాంతికి ఊరెళ్ళేవారికి ముస్లిం సహోద్యోగులు పని సర్దడం ఈ వ్యవస్థలో సహజమైన ఏర్పాటు.

అయితే 'చోటూ' అన్న పిలుపు వేరు. మిగిలిన పిలుపులు మనిషికి ఒక స్థానాన్ని ఇస్తాయి, ఇది పేరునే తీసివేస్తుంది. 1986 నాటి బాలకార్మిక చట్టం కింద జారీ అయిన ప్రకటన ద్వారా 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్ళలో, టీ దుకాణాలలో 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధమైంది. 2016 సవరణ ఆ నిషేధాన్ని దాదాపు అన్ని పనులకూ విస్తరించింది. పిల్లవాడు పని నుంచి తొలగవలసిందిగా చట్టం చెప్పింది, పిలుపు మాత్రం మిగిలింది. ఇరవై ఏళ్ళ యువకుడు కూడా బల్ల తుడుస్తున్నంతకాలం 'చోటూ'యే. ఆ పిలుపు వయసును కాక, మెట్టును సూచిస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

ఈ వరుసలన్నీ పురుషుల మధ్యవేనన్నది మరొక పరిమితి. ఇరానీ తరహా హోటలు ముందుభాగంలో పనిచేసే స్త్రీలు అరుదు. వసతిగృహాల వీధులలోని టిఫిన్ బండ్ల వద్ద స్త్రీ కనిపిస్తుంది. కానీ అక్కడ ఆమె భార్యగానో, తల్లిగానో పనిచేస్తుంది. ఆమె శ్రమ జీతం లెక్కలోకి రాదు.

5. చట్టం లెక్కలో చిన్న హోటలు

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) హోటలు పనివారికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిపరిమితినీ, వారపు సెలవునూ నిర్దేశించింది. పనివేళలు, సెలవులు చట్టం దృష్టిలో హక్కులు. హోటలులో అవి 'అన్న' ఒప్పుకొంటే దొరికే వెసులుబాట్లు. ఈ తేడా అజ్ఞానం వల్ల మాత్రమే ఏర్పడలేదు. ఇతర చట్టాల నిర్మాణమే దానికి తావిచ్చింది. ఉద్యోగుల రాజ్యబీమా సాధారణంగా 10 మంది, భవిష్యనిధి 20 మంది పనిచేసే సంస్థలకు వర్తిస్తాయి. ఏడెనిమిది మందితో నడిచే హోటలు రెండింటికీ వెలుపలే ఉండిపోయింది. జబ్బుపడిన మాస్టర్‌కు బీమా లేదు, సహోద్యోగుల చేబదులు ఉంది.

నియామకం విషయంలోనూ ఇదే పరిస్థితి. ఒకప్పుడు పాలమూరు, మెదకు పల్లెల నుంచి, ఇటీవలి దశాబ్దాలలో ఒడిశా, బీహారు, పశ్చిమబెంగాలు, అస్సాంల నుంచి హోటలు పనికి వచ్చేవారిలో చాలామందిని ముందుగా వచ్చిన ఊరివాడే తీసుకువస్తాడు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారు ద్వారా వచ్చినవారిని ఉద్దేశించింది. ఊరి అన్న గుత్తేదారు కాడు. కనుక అతని వెంట వచ్చిన తమ్ముడు ఆ చట్టం దృష్టిలో వలస కార్మికుడు కాలేదు. 2020 నాటి వృత్తిభద్రత స్మృతి తనంతట తాను వచ్చినవాణ్ణి కూడా నిర్వచనంలో చేర్చింది. కానీ వలస కార్మికులకు సంబంధించిన నిబంధనలను 10 లేదా అంతకంటే ఎక్కువమంది అటువంటి కార్మికులున్న సంస్థలకే పరిమితం చేసింది. చిన్న హోటలు మళ్ళీ గీతకు అవతలే మిగిలింది.

దీని పర్యవసానం 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో బయటపడింది. దేశంలో తొలి శ్రామిక ప్రత్యేక రైలు 2020 మే 1న హైదరాబాదు శివారులోని లింగంపల్లి నుంచి హతియాకు బయలుదేరింది. అందులో ప్రధానంగా నిర్మాణ కార్మికులు ప్రయాణించారు. పెద్ద నిర్మాణ స్థలంలో కార్మికులను లెక్కించడానికి ఒక చోటు, ఒక జాబితా ఉంటాయి. మూడేసి నలుగురేసిగా వేర్వేరు వీధులలో విడిపోయి, మూతపడిన హోటళ్ళ పైగదులలో ఉన్నవారికి అటువంటి జాబితా లేదు. వారిని ఎరిగినది సహోద్యోగే.

మరొక మార్గం అసాధ్యం కాదని దక్షిణ భారతదేశ చరిత్రే చూపుతుంది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు ఎ. కె. గోపాలన్ చొరవతో పనివారు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1958లో త్రిస్సూరులో మొదలైన ఇండియన్ కాఫీ హౌస్ వాటిలో ఒకటి. అక్కడ సహోద్యోగి సహయజమాని కూడా. అయితే వారు అంతకుముందే ఒకే సంస్థ ఉద్యోగులు, ఒకే సంఘంలో సభ్యులు. చెదురుమదురుగా ఉన్న చిన్న హోటళ్ళ పనివారికి ఆ రెండూ లేవు.

6. మారుతున్న పనిస్థలం

2016లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాక గల్లా దగ్గర కోడ్ బిళ్ళ వెలిసింది. చిల్లర తిరిగి ఇచ్చే సందర్భం తగ్గింది, దానితో పాటు బల్ల మీద టిప్పు మిగిలే సందర్భమూ తగ్గింది. ముందుగా టోకెన్ తీసుకొనే పద్ధతి వచ్చినచోట సర్వర్ కేకకు పని లేదు. 2017 నవంబరులో అమీర్‌పేటకు, 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగర్‌కు మెట్రో నడవడంతో నిలబడి తాగి వెళ్ళే గిరాకీకి అనువైన చాయ్ దుకాణాలకు అవకాశం పెరిగింది. ఇటువంటి దుకాణాన్ని ఇద్దరు నడపగలరు. పొడీ, పాళ్ళూ ముందే నిర్ణయమై వచ్చేచోట మాస్టర్ నైపుణ్యం అవసరం లేదు. నేర్చుకోవలసినది తగ్గినకొద్దీ మెట్లు కూడా తగ్గుతాయి. పని తేలికైంది, పనివాడికి ఎదిగే దారి కురుచైంది.

7. ముగింపు

అమీర్‌పేట, పంజాగుట్ట చిన్న హోటళ్ళలో 'అన్న', 'భాయ్', 'మాస్టర్' అన్న పిలుపులు ఆప్యాయతను మాత్రమే వ్యక్తం చేయలేదు. అవి నియామక పత్రం, శిక్షణాలయం, బీమా చేయవలసిన పనులను చేశాయి. ఆ పనులు నిర్వర్తించినందువల్లే వాటి లేమి ఎవరికీ కొరతగా కనిపించలేదు. ఈ సంబంధాలను కేవలం దోపిడికి ముసుగుగా చూస్తే, అపరిచితులను తమ్ములుగా చేర్చుకొన్న పనివారి సామర్థ్యాన్ని తక్కువ చేసినట్టవుతుంది. కేవలం ఆత్మీయతగా కీర్తిస్తే, వారి చేబదులుతో గడిచిపోయిన బాధ్యతలు ఎవరివో మరచినట్టవుతుంది. ఇరానీ హోటలు గురించి చాయ్ తాగినవారి జ్ఞాపకాలు సమృద్ధిగా ఉన్నాయి. టీ మాస్టర్ల, సర్వర్ల మౌఖిక చరిత్రలను తెలుగులోనూ, దక్ఖనీలోనూ సేకరించడం తక్షణం జరగవలసిన పని. మెట్లు కురుచవుతున్న కొద్దీ వాటిని ఎక్కినవారి జ్ఞాపకాలూ అందకుండా పోతాయి.