బట్టల కోసం జైలుకెళ్లిన దేశం

ఈస్టర్ నాటికి వినుకొండ కొండరాళ్లు పొద్దున ఎనిమిదింటికే సెగలు కక్కుతుంటాయి. మా ఆర్సీఎం చర్చిది రేకుల కప్పు. మిర్చి కల్లాల నుంచి నేరుగా వచ్చినవాళ్ల ఒంటి ఘాటుకు ముందువరస పిల్లలం తుమ్ముతుంటే, ఫాదర్ గారు ఆల్బు అనే తెల్లటి అంగీ మీద స్టోలు అనే మెడపట్టీ, దాని మీద జరీ అంచు చాసుబుల్ అనే పై అంగీ తొడుక్కుని నిలువునా తడిసిపోయేవారు. మా నాయనమ్మకు ఒకటే బెంగ. "ఆ అయ్యకు అన్ని బట్టలెందుకురా, ఉడికిపోడూ!" పక్క వీధిలో బాప్టిస్టు పాస్టర్ గారు తెల్లచొక్కాతో హాయిగా ప్రసంగం చేసేవారు మరి.

ఆమె ప్రశ్నకు జవాబు నాకు లండన్‌లో దొరికింది, అదీ సగమే. ఇక్కడ మా ఇంటి నుంచి బస్సెక్కితే మిల్ హిల్ వస్తుంది. 1866లో హెర్బర్ట్ వాన్ అనే ఫాదర్ మొదలుపెట్టిన మిషనరీ సంఘానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఫిరంగిపురంలోనూ మన చుట్టుపక్కల పల్లెల్లోనూ తిరిగిన మిల్ హిల్ ఫాదర్లు ఆ సంఘం వాళ్లే. చలిదేశపు అంగీలు మన ఎండలోకి వచ్చిన దారుల్లో అదొకటి. మిల్ హిల్‌లో వాళ్ల కాలేజీ గోపురం మీద బంగారురంగు జోజప్ప విగ్రహం ఇంకా ఉంది. కాలేజీ మాత్రం 2006లో మూతపడింది.

అయితే ఆ అంగీల కోసం ఈ దేశం తనలో తాను ఎంత కొట్టుకుందో మన ఊళ్లో నాకెవరూ చెప్పలేదు.

ఒకప్పుడు ఇంగ్లండు కుట్టుపని అంటే యూరప్ అంతా పడిచచ్చేది. 1295లో పోపుగారి ఖజానాకు పట్టీ రాస్తే, ఇక్కడ కుట్టినవే వందకు పైగా తేలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దం వెనక ఉన్న సయన్ కోప్ అనే పూజా వస్త్రం ఆ పనితనానికి మిగిలిన ఆనవాలు. ఏడు వందల ఏళ్లనాటి పట్టు. ఇంకా మెరుస్తోంది.

తర్వాత ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు. కొడుకు ఎడ్వర్డ్ కాలంలో, 1550లో జాన్ హూపర్‌ను గ్లోస్టర్ బిషప్పుగా నియమిస్తే, పోపు కాలపు ఆ పాత బట్టలు వేసుకునేది లేదన్నాడు. జైల్లో పెట్టారు. చివరికి దిగొచ్చి, 1551 మార్చిలో అవే బట్టల్లో బిషప్పయ్యాడు. మరుసటి ఏడాదే కొత్త ప్రార్థనల పుస్తకం చాసుబుల్‌ను నిషేధించింది! పాపం, రెండేళ్లు ఆగి ఉంటే సగం బాధ తప్పేది.

నాకు బాగా నచ్చిన కథ 1566 నాటిది. ఎలిజబెత్ రాణి కాలం. చాసుబుల్ పోయినా సర్‌ప్లిస్ అనే తెల్లటి వదులు అంగీ, నలుపలకల టోపీ మిగిలాయి. వాటిని కూడా పోపు వాసనే అన్నారు కొందరు. మార్చి 26న లండన్ గురువులందరినీ లాంబెత్‌కు పిలిపించారు. రాబర్ట్ కోల్ అనే గురువుకు తల నుంచి కాలి దాకా నిబంధన ప్రకారం బట్టలు తొడిగి, దుకాణంలో బొమ్మలా అందరి ముందు నిలబెట్టారు. ఇతన్ని చూడండి, ఇలాగే వేసుకోవాలి. వేసుకుంటానని రాయండి, లేదా వేసుకోనని రాయండి. లాటిన్‌లో ఒక్క మాట చాలు, వాదనలు వద్దు. ముప్పై ఏడుగురు వేసుకోమనే రాశారు. వాళ్లను పదవిలోంచి పక్కనపెట్టి జీతాలు ఆపేశారు.

ఇది గుడ్డ తగాదా కాదు. నువ్వెవరి మనిషివి అన్నదే తగాదా. మెడలో కండువా రంగు చూసి ఏ పార్టీయో చెప్పేసే మన పల్నాడు వాళ్లకు ఇది వేరే విప్పి చెప్పాలా?

ఇంతలో కాథలిక్కులు చాటుగా పూజలు చేసుకుంటున్నారు. హెలెనా వింటర్ అనే ఆమె పదిహేడో శతాబ్దంలో పూజా వస్త్రాల మీద అద్భుతమైన పువ్వులు కుట్టింది. తన కోసం ప్రార్థించమని పేరుతో సహా కుట్టుకుంది. ఆమె తండ్రి, రాజును పేల్చేయబోయిన 1605 తుపాకిమందు కుట్రలో ఉరికంబమెక్కినవాడు. 1829లో కాథలిక్కులకు హక్కులొచ్చాయి గానీ, గురువు తన సభ దుస్తుల్లో వీధిలో కనిపిస్తే 50 పౌన్ల జరిమానా అని ఆ చట్టంలోనే రాశారు. అది 1926 దాకా పోలేదు. ఇంకో విచిత్రం: 1877లో ఆర్థర్ టూత్ అనే ఆంగ్లికన్ గురువు జైలుకెళ్లాడు. చాసుబుల్‌తో సహా కాథలిక్ పద్ధతులు వదలనన్నందుకు, కోర్టు మాట విననందుకు. ఒకనాడు వేసుకోనంటే జైలు, ఇంకోనాడు విప్పనంటే జైలు.

మనవైపూ ఈ గొడవ తక్కువేం కాదు. 1606లో మధురై చేరిన రాబర్ట్ డి నొబిలి అనే ఇటలీ జెస్విట్ గురువు సన్యాసి కాషాయం కట్టాడు. 1623లో పోపుగారు, మతం మారినవాళ్లు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చని అనుమతిచ్చారు. 1969 ఏప్రిల్‌లో మన దేశపు పూజకు రోము ఒప్పుకున్న పన్నెండు మార్పుల్లో, చాసుబుల్ బదులు ఒక్క అంగీ, స్టోలు బదులు అంగవస్త్రం కూడా ఉన్నాయి. మా నాయనమ్మ వింటే సంతోషించేది. హిందూ వాసన అని కొందరు కాథలిక్కులు మండిపడ్డారు. నాకు వాళ్ల మాటకంటే దళిత కాథలిక్కులు అడిగిన ప్రశ్నే గట్టిగా తగిలింది: భారతీయం అంటే అగ్రహారం బట్టలేనా? మన చర్చిల్లో ఎక్కువమంది తాతముత్తాతలను గుడి గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. అందుకే, ఎండకు అంగవస్త్రమే మేలని ఒప్పుకుంటూనే, దాన్ని సంస్కృతి పేరుతో వాళ్ల నెత్తిన రుద్దడం తప్పంటాను. 2022 ఆగస్టు 27న రోములో పూల ఆంథోనీ గారి తల మీద కార్డినల్ ఎర్రటోపీ పెట్టినప్పుడు టీవీ ముందు కూర్చున్నాను. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. ఆ టోపీ ఏ దేశపు ఫ్యాషనో ఆ రోజు నాకు గుర్తే రాలేదు.

ఒక్క మనవి. మీ విచారణ చర్చి బీరువాలో మిల్ హిల్ ఫాదర్ల నాటి జరీ అంగీలు చిరిగి పడి ఉంటే కాల్చేయకండి. ఫొటో తీసి, కుట్టిందెవరో, ఉతికి ఇస్త్రీ చేసిందెవరో ముసలివాళ్లనడిగి ఆ పేర్లు రాసి పెట్టండి. హెలెనా తన పేరు తానే కుట్టుకుంది. మనవాళ్లకు ఆ వీల్లేకపోయింది.