మాకింకా ఎర్రగానే ఉందండీ

మాదాపూర్‌లో ఓ చిన్న వెబ్ ఆఫీసు. ఎడిటర్‌లో బటన్ రంగు ఆకుపచ్చ. ఫైలు సర్వర్‌కి ఎక్కించేశారు. బ్రౌజర్‌లో మాత్రం ఎరుపే. రిఫ్రెష్ కొట్టినా ఎరుపే. కుర్రాడు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కుతాడు. బటన్ పచ్చబడుతుంది.

"వచ్చేసిందన్నా!"

అంతలో బెజవాడ నుంచి క్లయింట్ ఫోన్. "మాకింకా ఎర్రగానే ఉందండీ."

సీనియర్ కుర్చీ లాక్కుని వచ్చి ఎఫ్12 నొక్కుతాడు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి మామూలుగా రీలోడ్ చేస్తాడు. స్టైల్‌షీట్ వరుసలో, సైజు ఉండాల్సిన గడిలో ‘మెమరీ క్యాష్’ అని ఉంది. బ్రౌజర్ సర్వర్ గడప తొక్కనే లేదు. వరుస మీద నొక్కితే హెడర్లు. క్యాష్-కంట్రోల్: మ్యాక్స్-ఏజ్=31536000.

"అవి సెకన్లు. లెక్కేస్తే 365 రోజులు. ఏడాది దాకా నన్నడక్కర్లేదని మన సర్వరే చెప్పింది. వాళ్ల బ్రౌజర్ ఆ మాట మీదే నిలబడింది."

"అయితే ఆయన్నీ షిఫ్ట్ నొక్కమందాం."

"ఆయనతో నొక్కిస్తాం. ఆయన కస్టమర్లతో? ఫోన్లో చూసేవాళ్లకు ఆ మీట ఎక్కడుంది?"

హెడర్‌నే నో-క్యాష్‌గా మారుద్దామంటాడు కుర్రాడు. ఆ పేరు చూసి చాలామంది పొరబడతారు. దాచుకోవద్దని కాదు దానర్థం, వాడబోయే ప్రతిసారీ సర్వర్‌ని అడిగి వాడమని. మార్పు లేకపోతే 304 అని చిన్న జవాబొస్తుంది, ఫైలు మళ్లీ దిగదు. దాచనే వద్దనేది నో-స్టోర్. ఇప్పుడు మాత్రం రెండూ అక్కరకు రావు. ఏడాది గడువుతో ఇప్పటికే దాచుకున్న ఫోన్ అడగడానికే రాదు. అడగని ఫోన్‌కి కొత్త హెడర్ చేరేదెలా?

"మారాల్సింది చిరునామా," అంటూ సీనియర్ థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలు తెరుస్తాడు. సైటు వర్డ్‌ప్రెస్‌ది. స్టైల్‌షీటును జతచేసే డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్టైల్‌లో నాలుగో విలువ ఇవ్వలేదు. అలా వదిలేస్తే వర్డ్‌ప్రెస్ తన వెర్షన్ నంబరునే చిరునామా చివర తగిలిస్తుంది. మన ఫైలు ఎన్నిసార్లు మారినా ఆ నంబరు మారదు. అక్కడ ఫైల్ఎమ్‌టైమ్ పెడతాడు. ఫైలును చివరిసారి మార్చిన సమయమే ఇక వెర్షన్. ఫైలు మారిన ప్రతిసారీ చిరునామా మారుతుంది, బ్రౌజర్ లెక్కలో అది ఎన్నడూ చూడని ఫైలు.

పేజీ క్యాష్ ప్లగిన్‌నీ ఖాళీ చేయిస్తాడు. పాత హెచ్‌టీఎంఎల్ వెళ్తే కొత్త చిరునామా ఎవరికీ తెలియదు.

ఏడాది గడువు జోలికి మాత్రం పోనివ్వడు. ఇక్కడ నేను పూర్తిగా ఆయన పక్షం. డేటా ప్యాక్ చూసుకుని వాడుకునేవాళ్లకు మారని ఫైలును మళ్లీ మళ్లీ పంపడం అన్యాయం.

రీలోడ్. స్టైల్‌షీట్‌కి 200, సైజు కేబీల్లో. ఇంకోసారి రీలోడ్ చేస్తే మెమరీ క్యాష్. ఇప్పుడది ఉండాల్సిందే.

"జావాస్క్రిప్ట్ ఫైళ్లకూ ఇదే చెయ్యి," అని సీనియర్ లేస్తాడు. కుర్రాడు అప్పటికే ఆ లైన్లు వెతుకుతున్నాడు.