మూడో పలక

గోపన్‌పల్లిలో మా ఇంటి ముందు ఆటోట్రాలీ ఆగి, ఒక చెక్కపెట్టె దిగింది. అందులో బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషిన్. గిర్రున తిరిగే కట్టర్ కింద లోహపు ముక్కను జరుపుతూ కోసే యంత్రం. పగలంతా కోడ్ రాసే నాకు చేత్తో పట్టుకోగలిగేదేదైనా చెయ్యాలని చాలాకాలంగా ఉంది. నూరు కిలోల పైనే బరువు. నలుగురం పట్టి కింది గదిలోకి చేర్చాం. పెట్టె విప్పితే ఒళ్లంతా గోధుమరంగు గ్రీజు.

"సాయంత్రానికి మొదటి ముక్క కోసేస్తా" అన్నాను.

కుర్చీలో కూర్చున్న మా నాయిన నవ్వాడు. "ముందుగాల దాన్ని సాఫ్ చెయ్యి. పని సంగతి తర్వాత."

ఆయన కవాడిగూడలోని ప్రాగా టూల్స్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ పేరు నాతో పనిచేసేవాళ్లలో ఎవరికీ తెలీదు. నేనూ చెప్పలేదు. కాలేజీలో ఎవరైనా అడిగితే "కంపెనీలో జాబ్" అని దాటేసేవాణ్ణి. ఏ పనో చెప్పాల్సి వస్తుందని భయం.

ప్రాగా 1943లో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, నిజాం రాజ్యంలో పుట్టింది. ఆల్విన్ అంతకు ఏడాది ముందు. బెంగళూరులో హెచ్‌ఎమ్‌టీ మొదలైంది 1953లో. అంటే యంత్రాల్ని తయారుచేసే యంత్రాల పని ఈ నగరానికి అంతకు పదేళ్ల ముందే తెలుసు. కట్టర్లకు పదునుపెట్టే గ్రైండర్లు, మిల్లింగ్ మెషిన్లు, చక్‌లు ప్రాగా పేరుతో వెళ్లేవి. 1960ల్లో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న రామచంద్రాపురంలో, చెకోస్లొవేకియా సాయంతో, ఇవాళ మనం బీహెచ్‌ఈఎల్ అంటున్న ఫ్యాక్టరీ వచ్చింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. సైబరాబాద్ అనే మాట పుట్టకముందే ఇక్కడ ఇంత చదువు ఉంది. అది చేతుల్లో ఉండే చదువు. ప్రాగా ఆ తర్వాత హెచ్‌ఎమ్‌టీ గొడుగు కిందికి చేరింది.

నేను పాత బట్టతో గ్రీజు తుడిచి, మెరుస్తోంది కదా అన్నాను. ఆయన బల్ల అంచున వేలు పెట్టి చూశాడు. "తుడిసినవు. సాఫ్ చెయ్యలే. ఈ గ్రీజు యంత్రం తిరగనీకె పూసింది కాదు, తుప్పు పట్టకుండ పూసింది. దీంట్ల దుమ్ము మొత్తం అతుక్కుంటది."

కిరోసిన్, బ్రష్ తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాం. బల్లను పూర్తిగా బయటికి తీయమన్నాడు. తీస్తే, అది జారే దారిలో పోతపని నాటి ఇసుక రేణువులు, సన్నటి ఇనుపరజను. అలాగే తిప్పి ఉంటే, తిప్పినప్పుడల్లా గరుకు కాగితంతో రుద్దినట్టే. అంచుల్లో లేచిన గరుకును నూనెరాయితో తీశాం. ఆరాక నూనె పట్టించి బల్లను ఎక్కించాం. జిబ్ అని ఒక పట్టీ ఉంటుంది, బల్లకూ దాని దారికీ మధ్య సందును సరిచేసేది. ఎక్కువ బిగిస్తే చక్రం తిరగదు. వదిలేస్తే కోసేటప్పుడు బల్ల వణుకుతుంది. ఎక్కడ ఆపాలో మాన్యువల్ చెప్పలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని చక్రం తిప్పించి, "ఇగో, ఇంత" అన్నాడు.

1862లో అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్ చేసింది చేతిపని తప్పించడానికే. అప్పటిదాకా డ్రిల్ బిట్ల మీది మెలికల గాడుల్ని ఆకురాయితో చేత్తో రాసేవాళ్లు. అలా చేతిని తప్పించడానికి వచ్చిన యంత్రం కూడా ఇవాళ్టికీ చెయ్యి పడందే మొదలవదు.

"మరి ఈ బల్ల సాపుగా ఉందని నమ్మేదెట్ల?" అని అడిగాను.

"ఇంకో సాపు పలక మీద నీలం రంగు పూసి, ఆనించి చూస్తం. రంగు అంటిన చోటు ఎత్తు. స్క్రేపర్‌తోని గీకుతం."

"ఆ పలక సాపుగా ఉందని ఎట్ల తెలుసు?"

"దానికి మూడు పలకలు కావాలె."

1840లో గ్లాస్గోలో జోసెఫ్ విట్‌వర్త్ చదివిన పత్రంలో ఉన్నదీ ఇదే. రెండు పలకలే ఉంటే, ఒకటి ఉబ్బుగా, ఇంకొకటి గుంటగా ఉండి చక్కగా అతుకుతాయి. రెండూ తప్పే, రెండింటికీ గొడవ లేదు. మూడోదాన్ని తెచ్చి ఆ రెండింటితోనూ పోలిస్తే మోసం బయటపడుతుంది. జతలు మారుస్తూ గీకుతూ పోతే, మూడూ ఒకదానికొకటి సరిపోయేది నిజంగా సాపైనప్పుడే. మొదటి కొలబద్ద ఏదీ లేకుండా, మూడు ఇనుప పలకలూ ఓపికా ఉంటే చాలు.

మా మెషిన్‌తో వచ్చిన తనిఖీ కాగితంలో అన్నీ సరిగ్గా ఉన్నాయనే రాసి ఉంది. నాయిన ప్లగ్ తీయించి, స్పిండిల్‌కి డయల్ గేజ్ బిగించి, చేత్తో తిప్పుతూ బల్లను ఎడమ నుంచి కుడికి చూశాడు. చూపు ఆనక నన్ను పిలిచాడు. "నువ్వు సదువు, నేను తిప్పుత."

200 మిల్లీమీటర్ల దూరానికి 0.08 తేడా. తల నిటారుగా లేదు. కాలమ్ అడుగున బోల్టుల మధ్య 150 మిల్లీమీటర్లు. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "పాయింట్ జీరో సిక్స్ రేకు" అన్నాడు. నేను ఫోన్‌లో లెక్కేశాను. అంతే వచ్చింది. బోల్టులు వదులుచేసి, ఒక పక్క రేకు దూర్చి, బిగించి, మళ్లీ చదివాను. బిగించేటప్పుడు కదిలిందేమో, 0.04. మళ్లీ విప్పాం. నాలుగోసారికి 0.01.

అప్పటికి రాత్రి పది దాటింది. ఒక్క ముక్కా కోయలేదు. నా కాగితమూ నా ఉత్సాహమూ చక్కగా అతికిన రెండు పలకలు. మూడోది ఇన్నేళ్లూ మా ఇంట్లోనే కూర్చుని ఉంది.

సోమవారం ఆఫీసులో ఫొటో చూపిస్తే, సెటప్ ఎవరు చేశారని ఒకరు అడిగారు.

"మా నాయిన" అన్నాను. "ప్రాగా టూల్స్‌లో ఫిట్టర్."

ప్రాగా అంటే ఏంటని అడిగారు. కుర్చీ లాక్కుని కూర్చుని, 1943 నుంచి మొదలుపెట్టాను.