విద్యుత్ స్కూటరు: సరిహద్దు పల్లెవాసులు తెలుసుకోదగిన విషయాలు

బ్యాటరీలో నిల్వ చేసిన విద్యుత్తుతో మోటారు తిరుగగా నడిచే ద్విచక్ర వాహనమే విద్యుత్ స్కూటరు. విద్యుత్ వాహనాలు సరిహద్దు ప్రాంతాలకు కొత్తవి కావు. ‘రేవా’ విద్యుత్ కారు 2001లో బెంగళూరు నుంచే వెలువడింది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న హోసూరులో టీవీఎస్, ఏథర్ సంస్థల కర్మాగారాలు ఉన్నాయి. అదే కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి వద్ద ఓలా సంస్థ 2021లో కర్మాగారాన్ని ప్రారంభించింది.

రెండు తరగతులు

మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా, నిర్ణీత బరువుకు లోబడి ధ్రువీకరణ పొందిన వాహనాలకు రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. అంతకు మించిన వాటికి రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు తప్పనిసరి. సొంత వాహనమైతే ఆకుపచ్చ పలకపై తెల్లని అక్షరాలతో సంఖ్య ఉంటుంది. చిన్న తరగతి వాహనానికి వేగ నియంత్రణను తొలగిస్తే అది చట్టరీత్యా మోటారు వాహనమే అవుతుంది. అప్పుడు ప్రమాదం జరిగితే, బీమా లేనందున పరిహారపు భారమంతా యజమానిపైనే పడే అవకాశం ఉంది.

ఖర్చు

3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి, నష్టంతో కలిపి, సుమారు మూడున్నర యూనిట్లు కావాలి. యూనిట్ ధర 7 రూపాయలైతే 25 రూపాయల లోపే అవుతుంది. దానితో 80 కిలోమీటర్లు నడిచిందనుకుంటే, లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటరుకు అదే దూరానికి 1.6 లీటర్లు కావాలి. ఇద్దరు ఎక్కినా, ఘాట్ రోడ్డు ఎక్కినా, వేగం పెంచినా దూరం తగ్గుతుంది. అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. కనుక వారంటీ ఎన్నేళ్లకో, ఎన్ని కిలోమీటర్లకో, ఏది ముందు ముగుస్తుందో కాగితంపై చూసుకోవాలి.

చార్జింగు

ఇంటి మీటరు నుంచే చార్జింగు చేయాలి. వ్యవసాయ పంపుసెట్టు కనెక్షనును ఇందుకు వాడితే, 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం అది అనధికార వినియోగం. సాకెట్టుకు సరైన ఎర్తింగు ఉండాలి. వదులైన ప్లగ్గులు, సన్నని పొడిగింపు తీగలు వేడెక్కి ప్రమాదం తెస్తాయి. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారిన తరువాతే చార్జింగుకు పెట్టాలి. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి వదిలివేయడం దాని ఆయుష్షుకు హాని.

2022లో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు మంటల్లో చిక్కుకున్న తరువాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసింది. బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా చార్జింగు ఆపి, సర్వీసు కేంద్రానికి తెలియజేయాలి. నిద్రించే గదిలోనూ, ఇంటి వాకిలికి అడ్డంగానూ చార్జింగు పెట్టరాదు.

ఎల్లలు దాటినప్పుడు

సరిహద్దు కుటుంబాలకు ముఖ్యమైన విషయమిది. యజమాని నివసించే లేదా వాహనాన్ని సాధారణంగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషను జరగాలి. పన్ను తక్కువని పొరుగు రాష్ట్రంలోని బంధువుల చిరునామా చూపడం తగదు. ఒక రాష్ట్రపు వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడ కొత్త సంఖ్య తీసుకోవాలి. అందుకు మొదటి రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం పొందాలి. పని మీద వెళ్లి వచ్చేవారికి ఈ అవసరం లేదు.

పన్ను మినహాయింపులు రాష్ట్రానికొక రీతిగా, గడువుతో కూడి ఉంటాయి. తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన మినహాయింపునకు 2026 డిసెంబరు ఆఖరు గడువు. కాబట్టి అమ్మకందారు మాటపై కాక, రవాణా కార్యాలయంలో విచారించిన తరువాతే బయానా ఇవ్వడం మేలు. సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందో, అది సరిహద్దుకు ఏ వైపున ఉందో కూడా ముందే తెలుసుకోవాలి. చార్జింగు అయిపోయిన బండిని తోసుకుంటూ పోవడం సులభం కాదు.