దొర మెడకు కట్టే గుడ్డ

పాములపాడు నుంచి కోయిలకుంట్ల దాకా ఈస్టిండియా కంపెనీపై తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలియనివారు అరుదు. ఆ కథ నాటకంగా వేసేటప్పుడు రెడ్డి తలపాగాకు, పంచెకట్టుకు ఎంత శ్రద్ధ పెడతామో, కలెక్టరు దొర మెడకూ అంత పెట్టాలి. బజారులో దొరికే ఆఫీసు టై తగిలిస్తే కాలం మారిపోతుంది. గుడ్డను క్రాస్‌గా కత్తిరించి మూడు ముక్కలు కలిపి కుట్టే ఆ టైని న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ రూపొందించింది 1920లలో.

మెడగుడ్డకు మోజు తెచ్చింది సైనికులు. 17వ శతాబ్దంలో ముప్ఫయ్యేళ్ల యుద్ధంనాడు ఫ్రాన్స్ కొలువుకొచ్చిన క్రొయేషియా సిపాయిలను చూసి ఫ్రెంచివాళ్లు అలా కట్టడం మొదలుపెట్టారు. పద్నాలుగో లూయీ దర్బారులో దానికి లేసు చేరింది. తర్వాతి శతాబ్దంలో వెనక బకిలుతో బిగించే పట్టీ వచ్చింది. ఇక మన సీమకొస్తే, 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదిలేశాడు, మన్రో కలెక్టరుగా వచ్చాడు. లండన్‌లో అది సోకులరాయుడిగా పేరుపడ్డ బ్రమ్మెల్ యుగం. గంజి పెట్టిన తెల్ల మస్లిన్‌ను మెడచుట్టూ ఎత్తుగా చుట్టేవారు. సన్నటి మస్లిన్ అంటే మన దేశపు నేతకు లోకమంతా పేరున్న రోజులవి! 1827లో మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. మరో రెండు దశాబ్దాలకు పగటిపూట నల్ల సిల్కు, రాత్రి విందుకు తెల్లది వాడుకగా స్థిరపడ్డాయి. 1846లో నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసేనాటి కచేరీ దొరకు నల్లదే కట్టాలి.

కుట్టడం తేలిక. 44 అంగుళాల పన్నా ఉన్న పల్చటి నల్ల సిల్కు తీసుకుని అంతే పొడవు కత్తిరిస్తే చదరం వస్తుంది. అంచులు చేత్తోనే సన్నగా చుట్టి కుట్టాలి. ఎలియాస్ హోవ్ కుట్టుమిషన్‌కు పేటెంటు పొందింది ఆ 1846లోనే మరి, మిషన్ కుట్టు అప్పటి దర్జీలకు ఇంకా అందలేదు. మూలకు మూల కలిపి మడిస్తే పొడుగు వైపు సుమారు 62 అంగుళాలు ఉంటుంది. కొసవైపు నుంచి మడతపెడుతూ వచ్చి మూడంగుళాల పట్టీ చేయాలి. చొక్కా కాలరు నిలబెట్టి, పట్టీ నడిభాగం గొంతు ముందు ఆనించి, రెండు చివరలూ వెనక్కి తీసుకెళ్లి, అక్కడ దాటించి ముందుకు తెచ్చి ముడివేయాలి. పైన చిన్న బో చాలు. లోపల రెండు వేళ్లు దూరేంత వదులుంచాలి, లేకుంటే నటుడి గొంతు లేవదు.

ఇది కట్టాక తల ఊరికే వంచలేరు. పక్కకు చూడాలంటే భుజాలతో సహా తిరగాల్సిందే. దొర బిగువంతా అక్కడే వస్తుంది. అందుకే మొదటి రిహార్సల్ నుంచే కట్టించాలి.